క్లోజ్డ్ అను మాట

వేదభాగములు: సంఖ్యాకాండము 12:14, 15, ప్రకటన 3:7, 8



మా సంఘపు పాత రిజిస్టరుకు చెదలు పట్టినది. బీరువా అడుగు అరలో వర్షపు చెమ్మ తగిలి, అట్ట ఊడి, ముందరి పుటలలో కొన్ని పిండియైపోయినవి. మిగిలినంతమట్టుకైనను క్రొత్త పుస్తకములోనికి ఎక్కించుకొనవలెనని తలంచి, చేవ్రాత బాగుగానున్న పిల్లవానినొకనిని వేసవి సెలవులలో మా యింటికి రమ్మంటిమి. వాడు పదియవ తరగతి పరీక్షలు వ్రాసి ఫలితములకొరకు కనిపెట్టుచున్న బాలుడు. ఇంగ్లీషుమీద మక్కువ గలవాడు. మూడు దినములు కదలక కూర్చుండి వ్రాసెను. నాలుగవ దినమున కలము క్రిందపెట్టి ఇట్లు అడిగెను.

"అయ్యగారూ, షట్ అన్నా క్లోజ్డ్ అన్నా ఒకటేనాండీ?"

మేము సంతోషించితిమి. పాఠము చెప్పుటకు అవకాశము దొరికినప్పుడు ఊరకుండు కాపరి ఎవడు? కుర్చీ దగ్గరకు లాగుకొని అరగంటసేపు చెప్పితిమి. ఆ చెప్పినదానిలో కొంత మీకును చెప్పి, వాడు ఎందుకడిగెనో తరువాత తెలియజేసెదము. మాకును అది తరువాతనే తెలిసినది.

తలుపు విషయములో ఆ రెండు మాటలును చెల్లును. అయితే షట్ అనునది ఇంటిలో వాడుకొను మాట. అందులో చేతి విసురున్నది. పెట్టె మూత నొక్కి వేయునప్పుడు, తలుపు చప్పుడగునట్లు వేయునప్పుడు అది నోటికి వచ్చును. క్లోజ్ అనునది మెత్తనిది, కొంత మర్యాద గలది, నెమ్మదిగా జరుగు పనికి తగినది. ప్రార్థనకు కన్నులు క్లోజ్ చేయుదుము. కూటమును క్లోజ్ చేయుదుము. ముగింపు ప్రార్థనను క్లోజింగ్ ప్రేయర్ అందురు. షటింగ్ ప్రేయర్ అనినయెడల సండేస్కూలు పిల్లలు కూడ నవ్వుదురు. రోడ్డు క్లోజ్ అగును, బ్యాంకి ఖాతా క్లోజ్ అగును. వీటికి షట్ పొసగదు. దుకాణము ముందు వ్రేలాడు అట్టమీద క్లోజ్డ్ అని యుండును. దానినే త్రిప్పినయెడల వెనుకవైపున ఓపెన్ అని యుండును. లాక్డ్ అనగా తాళము పడినది. తాళము పడిన తలుపు వేసిన తలుపే, గాని వేసిన ప్రతి తలుపునకును తాళము పడియుండదు. ఈ సంగతి ఇంగ్లీషు చదువని మా యింటి పిల్లికి కూడ తెలియును. అది ముందు తలుపును తలతో నెట్టి చూచును. సీల్డ్ అనగా ముద్రపడినది. విప్పినయెడల విప్పినట్లు అందరికి తెలిసిపోవును. ఇక మిల్లు గేటుకు పండుగనాడు క్లోజ్డ్ అని అట్ట కట్టినయెడల కూలివాడు ఇంటికి పోయి నిద్రించును. క్లోజ్డ్ డౌన్ అని కట్టినయెడల వానికి నిద్ర రాదు. ఒక్క చిన్న మాట చేరినందున ఇంటిలో పొయ్యి వెలుగునో వెలుగదో తేలును.

షట్ అప్ అను మాట వినగానే పిల్లవాడు నవ్వెను; బడిలో అది కసురు మాటయే గదా. 1611వ సంవత్సరపు ఇంగ్లీషు బైబిలులో అట్లు కాదు. యిర్మీయా 36వ అధ్యాయములో ప్రవక్త బారూకును పిలిచి, తాను మందిరములోనికి పోకుండ నిర్బంధములో నున్నాననియు, బారూకే వెళ్లి గ్రంథమును చదివి వినిపింపవలెననియు చెప్పును. అక్కడ ప్రవక్త తన్నుగూర్చి షట్ అప్ అనియే చెప్పుకొనును. కాలము గడచిన కొలది మాటలు ఎట్లు చెడునో చూడుడి.

మన తెలుగుకును ఇట్టి జంట కలదు. కన్ను మూయుదుము, నోరు మూయుదుము, కుండ మూయుదుము. తలుపును మాత్రము ఎక్కువగా వేయుదుము. వేయుట అనునది విసరు మాట. రాయి వేయుదుము, బాణము వేయుదుము, గడియ వేయుదుము. ఇంగ్లీషు షట్ అను మాటకు మొదటి అర్థము గడియను త్రోయుటయే. బాణము వేయుటకు వారు వాడు షూట్ అను మాటకు అది దగ్గర చుట్టము. ఒకరినొకరు ఎరుగని రెండు భాషలవారు తలుపు దగ్గరకు వచ్చునప్పటికి ఒకే చేతివిసురును చూచిరి. దుకాణమును మనవారు కట్టివేయుదురు. బంద్ అను పారసీక మాటకును కట్టుట అనియే అర్థము. వేయుట అను క్రియతో మనకు ఇంకొక మాట కూడ ఉన్నది, వెలివేయుట. దానియొద్దకు తరువాత వచ్చెదము.

క్లోజ్ అను మాట లాటిను నుండి ఫ్రెంచి గుండ ఇంగ్లీషులోనికి వచ్చినది. దాని సంతతి పెద్దది. లోపల చేర్చుకొనుట అను ఇన్‌క్లూడ్, వెలుపల నుంచుట అను ఎక్స్‌క్లూడ్, రెండును ఆ లాటిను మూలమునకు పుట్టినవే. ఒకే తలుపును లోపల నిలిచి వేసితిమా, వెలుపల నెట్టి వేసితిమా అన్నదే భేదము. రహస్య ప్రార్థననుగూర్చి ప్రభువు చెప్పినచోట, అనగా మత్తయి 6:6లో, ఆ పాత ఇంగ్లీషు బైబిలు గదికి వాడిన క్లోసెట్ అను మాటయు ఆ కుటుంబములోనిదే. గ్రీకులో అక్కడనున్న మాట ధాన్యము మొదలగువాటిని దాచుకొను లోగదికి చెప్పునది. లూకా 12వ అధ్యాయములో కాకులకు గరిసెయైన లేదని ప్రభువు చెప్పునప్పుడు అదే మాట వచ్చును. అనగా ప్రభువు మేడగదినిగూర్చి చెప్పలేదు. బస్తాల మధ్య మోకరించు చోటునుగూర్చి చెప్పెను.

మరియొక వింత. అదే అక్షరములతో వ్రాసి, చివర కొంచెము మెత్తగా పలికినయెడల క్లోస్ అనగా దగ్గర అని అర్థము. ఒకే ఆవరణములో మూయబడినవారు ఒకరికొకరు దగ్గర గదా, ఆ అర్థము అట్లు వచ్చినది. పాత బాప్టిస్టులు ప్రభు భోజనపు బల్లను తమవారికే పరిమితము చేసికొనుటను క్లోస్ కమ్యూనియన్ అనిరి. రానురాను అనేకులు దానిని క్లోజ్డ్ అనిరి. దీనినిగూర్చి పెద్ద వాదములు జరిగినవి. యాత్రికుని ప్రయాణము వ్రాసిన జాన్ బనియన్ 1673లో ఒక పుస్తకము ప్రకటించి, బాప్తిస్మమునుగూర్చిన అభిప్రాయభేదము బల్లకు అడ్డుకాగూడదని వాదించెను. అంతకు ముందు ఆయన బెడ్‌ఫర్డు చెరసాలలో ఇంచుమించు పండ్రెండేండ్లు మూయబడియుండెను. మూయబడినవానికి తలుపు విలువ తెలియును. ఆ వాదము తీర్చుట ఇక్కడ మా పని కాదు.

గ్రీకు భాషలో మూయుట అను క్రియయు తాళపుచెవి అను నామమును ఒకే కుదురునుండి వచ్చినవి. సెమినరీలో మా గురువుగారు నల్లబల్లమీద ఆ రెండు మాటలను ప్రక్కప్రక్కన వ్రాసి చాలసేపు మాటలాడకుండ నిలిచిరి. ఆ క్రియ క్రొత్త నిబంధనలో ఎక్కడెక్కడ వచ్చునో చూడుడి. పెండ్లి విందునకు ఆలస్యముగా వచ్చిన కన్యకలముందు వేయబడిన తలుపు అదే. అర్ధరాత్రి రొట్టెకొరకు వచ్చిన స్నేహితునితో, పిల్లలు పండుకొనియున్నారని లోపలివాడు చెప్పునప్పటి తలుపు అదే. శాస్త్రులు పరిసయ్యులు తాము ప్రవేశింపక ఇతరులముందు మూసిన పరలోకరాజ్యము అదే. 1 యోహాను 3:17లో అక్కరలోనున్న సహోదరుని చూచి మనుష్యుడు తన హృదయమును మూసికొనుట కూడ ఆ క్రియయే. మన తెలుగు బైబిలులో అక్కడ కనికరము చూపకపోవుటగా నున్నది గనుక తలుపు కనబడదు. మేము ఆ వచనము చదువునప్పుడెల్ల ఒక గడియ చప్పుడును చెవిలో కలుపుకొని చదువుదుము.

ఇదంతయు విని పిల్లవాడు తల ఊపెను. తరువాత పాత రిజిస్టరును మావైపు త్రిప్పి ఒక వరుసమీద వ్రేలుంచెను.

"ఇది మా తాత పేరండీ. పక్కన క్లోజ్డ్ అని రాసుంది. చనిపోయినవాళ్లకి డైడ్ అని రాశారు. ఊరు మారినవాళ్లకి ట్రాన్స్‌ఫర్డ్ అని రాశారు. తాత బతికే ఉన్నాడు కదండీ. మరి క్లోజ్డ్ అంటే ఏమనండీ?"

తెలుగులో పెద్దలు కన్నుమూసిరి అందుము గనుక, ఇంగ్లీషులోను అట్టిదేమో యని వాడు భయపడినట్లున్నది. వ్రాత అప్పటి కార్యదర్శిది. తేదీ 2014. క్రింద సంతకము మాది.

సంగతి యేమనగా, మా మందిరమునకు స్లాబు వేయించు దినములలో సంఘములో చందాలు పోగుచేసితిమి. పని సగమునకు వచ్చునప్పటికి డబ్బు చాలలేదు. ఆదివారము ఆరాధన యైన తరువాత ఈయన లేచి లెక్క చూపుడనెను. పెద్దలలో ఒకరికి కోపము వచ్చెను. ఈయన దొంగలనెను. వారు వీరు మాటలు పెంచిరి. ఈయన ఆ పెద్దమీద చేయి ఎత్తెను. తగిలినదా లేదా అన్నదానిమీద నేటికిని రెండు సాక్ష్యములున్నవి. ఆ వారమే పెద్దల కూటము కూడి, పశ్చాత్తాపపడువరకు ఆయన బల్లకు రాకూడదని తీర్మానించెను. మేము ప్రార్థన చేసి సంతకము పెట్టితిమి. ఒకసారి ఆయన యింటికి వెళ్లితిమి. తలుపు వేసికొనెను. మరల వెళ్లలేదు. లెక్కలు తరువాత చూడగా ఎవరును ఏమియు తినలేదు. అయితే మూడు నెలల ఖర్చులు వ్రాయనే లేదు. అడుగుట న్యాయమే, అడిగిన తీరు న్యాయము కాదు. ఇది తేలిన దినముననైనను మేము ఆయన గుమ్మము ఎక్కియుండవలసినది.

క్రమశిక్షణ వద్దని మేము చెప్పుట లేదు. దేవుడే తలుపు వేయును. నోవహు ఓడలో ప్రవేశించిన తరువాత వెలుపలినుండి మూసినవాడు యెహోవాయే. నోవహు చేయి ఆ గడియను తాకలేదు. కన్యకల ఉపమానములోను తలుపు వేయుట కన్యకల పని కాదు. బుద్ధిగల అయిదుగురు లేచి వెళ్లి తలుపు వేసిరని అక్కడ లేదు. ఫిలదెల్ఫియ సంఘమునకు వచ్చిన వర్తమానములో తెరచుటకును మూయుటకును దావీదు తాళపుచెవి ప్రభువు చేతిలోనే యున్నది. ఆ సంఘము కొంచెమే శక్తి గలదట. అయినను దానికి చూపబడినది తెరచిన తలుపే.

అయితే మనుష్యుని చేత తలుపు వేయించినప్పుడు దేవుడు ఏమి చేసెనో చూడవలెను. ఇక్కడ కొంచెము నిలిచెదము. ఓడను మూసినప్పుడు హెబ్రీలో ఏ క్రియ యున్నదో, మిర్యామును పాళెము వెలుపల నుంచినప్పుడును ఆ క్రియయే యున్నది. లేవీయకాండము 13వ అధ్యాయములో పొడగలవానిని యాజకుడు కడగా నుంచుటకును ఆ క్రియయే. మిర్యాము మోషేకు విరోధముగా మాటలాడినది. తప్పు చిన్నది కాదు. శిక్షయు చిన్నది కాదు. గాని దానికి లెక్క ఉన్నది, ఏడు దినములు. ఏడు దినములైన తరువాత ఆమెను చేర్చుకొనవలెనని దేవుడే ముందుగా చెప్పెను. ఆ ఏడు దినములును ఇశ్రాయేలీయులు గుడారములు ఎత్తలేదు. వాగ్దానదేశమునకు బయలుదేరిన జనాంగమంతయు వెలుపలనున్న ఒక స్త్రీకొరకు ఎండలో కూర్చుండెను. మేము ఆ వచనములు ఎన్నోసార్లు చదివితిమి. వారు ఆగిరను మాటను ఈ వేసవిలోనే చూచినట్లున్నది.

పొడగలవాని సంగతి యింకను సూటిగా నున్నది. యాజకుడు వానిని ఏడు దినములు కడగా నుంచవలెను. ఏడవ దినమున యాజకుడే మరల వానిని చూడవలెను. ఇంకను తేలనియెడల మరి ఏడు దినములు, మరల చూడవలెను. మూసినవాని కాళ్లకే పని. రోగి కేకలు వేసి పిలువవలెనని అక్కడ లేదు. ఆ ఏడు దినములు రోగియు యాజకుని అడుగుల చప్పుడుకొరకు కనిపెట్టియుండును గదా. మా తీర్మానములో దినము లేదు. పశ్చాత్తాపపడువరకు అని వ్రాసితిమి. పశ్చాత్తాపపడెనో లేదో చూచి వచ్చుట ఎవరి పని యని వ్రాయలేదు. ఎవరి పనియు కానందున అది క్లోజ్డ్ అయినది. కార్యదర్శి అబద్ధము వ్రాయలేదు.

క్వారంటైన్ అను మాట మనకందరికి 2020లో పరిచయమైనది. అది నలువది దినములు అను ఇటలీ మాటనుండి వచ్చినది. పూర్వము తెగులు భయముచేత ఓడలను రేవునొద్ద అన్ని దినములు ఆపుచుండిరి. దానికిని లెక్క ఉండెను. ఆ సంవత్సరము మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ అనిరి. మందిరమునకు మేమే తాళము వేసితిమి. శుభ శుక్రవారము ఏప్రిల్ 10న, పునరుత్థాన పండుగ ఏప్రిల్ 12న వచ్చినవి. సమాధి తోటలో తెల్లవారు పాటలు లేవు. ఆ ఉదయమున మా యింటి ముందుగదిలో మేమును మా ఇంటివారును కూర్చుండి యోహాను సువార్త 20వ అధ్యాయము చదివితిమి. శిష్యులు భయపడి తలుపులు మూసికొని యున్నారు. ప్రభువు వచ్చి మధ్యను నిలిచెను. తలుపులేల మూసితిరని అడుగలేదు. ఎనిమిది దినములైన తరువాత, ఆయనను కన్నులార చూచిన తరువాత కూడ, మరల తలుపులు మూసియే యున్నవి. ఆయన మరల వచ్చెను. తోమా మొదటిసారి అక్కడ లేడు గనుక వచ్చెనని మేము నమ్ముచున్నాము. జూన్ 8 నుండి ఆరాధనస్థలములు తెరచుకొనవచ్చునను ఉత్తరువు వచ్చినప్పుడు మేము తాళము తీసి, చీపురు పట్టి, ఏడ్చితిమి.

ఆ మధ్యకాలములో ఒక సాయంకాలము ఈ పెద్దాయన తన అరుగుమీద కూర్చుండి, వీధిన పోవుచున్న మాతో అనెను:

"అయ్యగారూ, మీకిది రెండు నెలలే. నాకు ఆరేళ్లు."

మేము మూతికి గుడ్డ కట్టుకొనియుంటిమి. దాని వెనుక నవ్వినట్లు నటించి సాగిపోతిమి.

మా రిజిస్టరులోని ఆ మాట ఒకప్పుడు మనమీదనే వ్రాయబడవలసినది. అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో ఆరంభమైనది. నెల్లూరులో 1840 నుండి పని జరిగినది. ఏండ్లు గడచినను ఫలము కొంచెమే. ఆ మిషనును మూసివేయుదుమా అను ప్రశ్న పెద్దలయెదుటకు మరల మరల వచ్చెను. 1853లో న్యూయార్కు రాష్ట్రమందలి ఆల్బనీలో కూడిన సభలో అదే చర్చ. పటములో ఒంటరిగా కనబడు నెల్లూరును అక్కడ ఒకరు ఒంటి నక్షత్రమని పిలువగా, ఎస్. ఎఫ్. స్మిత్ గారు ఆ పేరుతో పద్యములు వ్రాసిరి, మిషను నిలిచెను. 1862లో మరల అదే ప్రశ్న. జూయెట్ దొరగారు జబ్బుతో స్వదేశమునకు వెళ్లియుండిరి. మిషను మూసినను తాను ఒంటరిగానైనను తిరిగి వెళ్లెదనని చెప్పిరి. 1865లో ఆయన క్లౌ దొరగారిని వెంటబెట్టుకొని నెల్లూరు చేరిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టిరి.

ఆ క్లౌ దొరగారును ఒక తలుపు వేసిరి. 1876 నుండి 1878 వరకు కలిగిన గొప్ప కరవులో, బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంతభాగము గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపిరి. కూలికొరకు బాప్తిస్మము పొందిరను మాట రాకుండునట్లు, ఆ పని సాగినంతకాలము బాప్తిస్మములు ఆపివేసిరి. అడిగినవారిని త్రోసివేయలేదు, ఆపిరి. పని ముగిసిన తరువాత తెరచిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మయొద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇది మన సండేస్కూలు పిల్లలకు కూడ తెలిసిన సంఖ్య. తెలియవలసిన మరియొకటి యున్నది. ఆ నీటిలో దిగినవారిలో అత్యధికులు ఊరి వెలుపల కాపురమున్నవారు, ఊరి బావి దగ్గర దూరముగా నిలిచినవారు. వెలి అను మాటకు అర్థమును వారు నిఘంటువులో వెదకవలసిన పని లేకుండెను. మనలో అనేకులము వారి మనుమలము. వెలివేయబడినవారి మనుమలమైన మనము రిజిస్టరులో వెలివేయుటకు ఇంగ్లీషు మాట వెదకుకొంటిమి.

పిల్లవానికి ఆ దినమున మేము జవాబు చెప్పలేదు. ఆ వరుసను విడిచి తక్కినవి వ్రాయుమంటిమి. సాయంకాలము దీపాలవేళ ఆ యింటికి వెళ్లితిమి. తలుపు వేసియున్నది. తట్టితిమి. ఎవరని లోపలినుండి అడిగిరి. చెప్పితిమి. కొంతసేపు ఏమియు వినబడలేదు. మరల తట్టుదుమా వెనుకకు పోదుమా యని తలంచుచుండగా, ఆయన గొంతు వినబడెను.

"గడియ వెయ్యలేదు అయ్యగారూ. తోసుకుని రండి."

ఆయన నులకమంచముమీద లేచి కూర్చుండెను. మాకు కుర్చీ వేయించి, అమ్మగారిచేత మంచినీళ్లు ఇప్పించెను. మోకాళ్ల నొప్పులనుగూర్చియు, మిరపతోటకు వచ్చిన తెగులునుగూర్చియు చాలసేపు మాటలాడితిమి. తరువాత మేమే విషయము తీసితిమి. మేము మరల రాకపోవుట తప్పని చెప్పితిమి. ఆయన నేలవైపు చూచుచు అనెను:

"మీరొస్తారని మూడు నెలలు చూశానండీ. ఆ తర్వాత చూడ్డం మానేశాను. చెయ్యెత్తింది నా తప్పే. లెక్కడిగింది తప్పు కాదు."

"రెండూ నిజమేనండీ, పెద్దాయనా" అంటిమి.

"నా పేరు పక్కన ఏదో రాశారంట. మనవడు చెప్పాడు. చచ్చినట్టా?"

కాదని చెప్పితిమి. మరి యేమని ఆయన అడిగెను. పిల్లవానికి అరగంటసేపు పాఠము చెప్పిన మాకు ఆ ముసలాయన యెదుట ఒక్క మాటయు దొరకలేదు. ప్రార్థన చేయుదుమా యని అడిగితిమి. చేయుడనెను. ఆయన కన్నులు మూసికొనెనో లేదో మేము చూడలేదు; మా కన్నులు మూసియుండెను.

ఆ వారమే పెద్దలను పిలిచి పాత రిజిస్టరును, మా సంతకమును చూపి, సంఖ్యాకాండము 12వ అధ్యాయము చదివితిమి. నలుగురు సరే అనిరి. ఆనాడు చేయి ఎత్తబడిన పెద్ద మాత్రము ఆయన ముందుగా వచ్చి క్షమాపణ అడుగవలెననెను. ఆయన మాటను మేము తేలికగా తీసికొనుట లేదు, అవమానపడినవాడు ఆయనయే. మిర్యాము వెలుపలనున్నప్పుడు ఎండలో కూర్చున్నవారిలో మోషేయు ఉండెను గదా, నిందింపబడినవాడు అతడే గదా అని మాత్రము చెప్పితిమి. ఆయన బదులు పలుకలేదు. లేచి వెళ్లునప్పుడు గుమ్మమునొద్ద ఆగి, శనివారము ఎన్ని గంటలకు వెళ్లుదురని అడిగెను.

క్రొత్త రిజిస్టరులో పిల్లవాడు తన తాత పేరు ఎక్కించెను. ప్రక్క గడి ఖాళీగా నుంచుమంటిమి. వచ్చు మొదటి ఆదివారము మాకు బల్లారాధన. ముందుదినము సాయంకాలము అయిదు గంటలకు పెద్దలతోకూడ ఆ యింటికి వెళ్లుచున్నాము. అక్కడ ఎవరు ఏమి మాటలాడుదురో యెరుగము. మాకొరకు ప్రార్థించుడి.